రెండు పేర్ల గోల్‌కీపర్

ఆత్మకూరులో బస్సు దిగి హైస్కూలు వైపు నడిస్తే, ఎండకు పగుళ్లిచ్చిన సిమెంటు గచ్చు మీద వల లేని రింగుతో ఒక బాస్కెట్‌బాల్ స్తంభం కనిపిస్తుంది. ఒక్కటే. ఎదురుగా ఉండాల్సిన రెండోది ఏదో గాలివానకు పడిపోయి మళ్లీ లేవలేదు. తిరిగి తిరిగి కాళ్లు నొచ్చినప్పుడు నేను ఆ గచ్చు అంచున కూచుంటాను. రాజులు బంతాట ఆడిన మైదానాల గురించి ఎన్నో పుస్తకాల్లో చదివాను, ఒకటి రెండు చూశాను కూడా. గెలిచిన రాజు పేరు రాతి మీద ఉంటుంది. బంతి అందించినవాడి పేరు ఎక్కడా ఉండదు. సరే, దారి తప్పుతున్నాను. చెప్పవలసింది రెండు పేర్లున్న ఒక మనిషి గురించి.

బడి రిజిస్టరులో అతను కురుమయ్య. పెళ్లయిన ఏడేళ్లదాకా పిల్లలు లేక, కురుమూర్తి కొండ మీది దేవుడికి మొక్కుకుంటే పుట్టాడని తల్లి హనుమమ్మ ఆ పేరు పెట్టింది. నాలుగో ఏట వాడికి జ్వరం వచ్చి దవాఖానలో ఆశ వదులుకొమ్మన్నారు. అప్పుడు చర్చి పెద్ద సాల్మన్ వచ్చి మూడు రోజులు మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశాడు. జ్వరం దిగింది. హనుమమ్మ చేసిన మేలు మరిచే మనిషి కాదు. కొడుక్కి బాప్తిస్మం ఇప్పించింది. చర్చి పుస్తకంలో వాడు బెంజమిన్ అయ్యాడు.

వాళ్ల వాడలో ఇదేం వింత కాదు. చాలా ఇళ్లలో బడికి ఒక పేరు, చర్చికి ఒక పేరు. షెడ్యూల్డ్ కులం వాడు క్రైస్తవుడైతే ప్రభుత్వ కాగితాల్లో వేరే జాబితాలోకి పోతాడని, ఎస్సీ కోటా పోతుందని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ ఆ రెండు పేర్లనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయరు. ఎవరూ నేర్పకుండానే పిల్లలకు కూడా వచ్చేసే జాగ్రత్త ఇది.

ఎనిమిదో తరగతికే కురుమయ్య ద్వారబంధం తలకు తగిలేంత పొడుగయ్యాడు. బడిలో ఆటలు నేర్పే వెంకన్న సారు వాడిని రింగు కింద నిలబెట్టాడు. ఆదివారం ఆరాధన అయ్యాక సాల్మన్ అదే పిల్లవాడిని చర్చి వెనక వేరుశనగ పీకేసిన చేనులో గోల్‌కీపరుగా నిలబెట్టాడు. బాస్కెట్‌బాల్ ఫారాలు వెంకన్న సారు బడి రిజిస్టరు చూసి నింపాడు. ఫుట్‌బాల్ ఫారాలు సాల్మన్ చర్చి పుస్తకం చూసి నింపాడు. ఇద్దరిదీ చక్కటి దస్తూరీ. అలా ఒకే ఒంటికి రెండు ఆటలు, రెండు ఆటలకు రెండు పేర్లు.

చేతులకు మాత్రం ఈ తేడా తెలిసేది కాదు. బాస్కెట్‌బాల్‌లో రింగులోకి దిగుతున్న బంతిని ముట్టుకోవడం తప్పు. గోల్‌కీపరుకు లోపలికి పోయే బంతిని చూస్తూ ఊరుకోవడమే తప్పు.

"అరేయ్, గది గోలు కాదుర! దిగే బంతిని ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పాలె?" అని వెంకన్న సారు నోట్లోంచి ఈల తీసి అరిచేవాడు.

"చెయ్యి ఆగుతలేదు సార్."

"ఆగకుంటే ఇంట్ల పెట్టి రాపో చెయ్యిని."

ఆదివారం సాల్మన్ గోల ఇంకో రకం. "బంతి దొరికితే నేలకేసి కొట్టుకుంట నిలవడ్తడు! తన్నర నాయినా, తన్ను! దాన్ని తన్ననీకెనే గద ఇంతమందిమి వచ్చింది!"

తెలంగాణ వచ్చిన ఏడు, కొత్త రాష్ట్రానికి మొదటి జూనియర్ ఫుట్‌బాల్ జట్టు కట్టారు. బెంజమిన్ రెండో గోల్‌కీపరుగా ఒడిశా వెళ్లాడు. మూడో మ్యాచ్‌లో మొదటివాడి వేలు విరిగితే ఇతను దిగి, ఒక పెనాల్టీ ఆపాడు. అయినా జట్టు మూడు గోల్స్ తేడాతో ఓడింది. ఆ పెనాల్టీ గురించి ఈ గచ్చు మీద కూచుని నాతో ఎన్నోసార్లు చెప్పాడు, ప్రతిసారీ ఒకేలా. ఎడమవైపు దూకాడట, బంతి అరచేతికి తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదట. జాతీయ స్థాయిలో ఆడినట్టు సర్టిఫికెట్ ఇచ్చారు. బాస్కెట్‌బాల్‌లో కురుమయ్య రాష్ట్ర స్థాయికి రెండుసార్లు వెళ్లాడు, ఆపైకి పోలేదు.

తర్వాత ఒక సాయంత్రం ఈ సిమెంటు గచ్చు మీదే, అలవాటు కొద్దీ గోల్‌కీపరులా బంతికి అడ్డంగా దూకి మోకాలు పోగొట్టుకున్నాడు. ఒక ఆట నేర్పిన దూకుడు ఇంకో ఆట నేల మీద రెండు ఆటలనూ మింగేసింది. ఆపైన ఏళ్లన్నీ ఒకే రంగు. ప్రైవేటు బడిలో పేరుకు పీఈటీ, అంటే ఆటల మాస్టరు. పొద్దున పిల్లలను బస్సు ఎక్కించడం, మధ్యాహ్నం పరీక్ష కాగితాలు పంచడం, సెలవుల్లో మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తాలు మోయడం. నడిచేటప్పుడు కుడికాలు కొంచెం వెనకబడేది.

మొన్న మొన్న ఆటల కోటాలో ఒక సర్కారు కొలువు పడింది. జాతీయ సర్టిఫికెట్ ఉండాలి. వయసు లెక్కన అతనికి ఇదే ఆఖరు సారి. ఒక్కో పేరు సర్టిఫికెట్లు ఒక్కోదాంట్లో పెట్టి రెండు పాలిథిన్ కవర్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దసారూ, గీ ఇద్దరు ఒక్కడే అని జర మంచిగ రాసియ్యుండ్రి."

"రెండు పేర్లు ఒకే కాగితం మీద పెడితే పరవాలేదా?"

"ఆటల ఆఫీసే గద సార్, కులం ఆఫీసు కాదు గద."

రెండు వాక్యాలు చాలేవి. నేనేమో చదువుకున్నవాణ్ని కదా, పేజీ నింపాను. జ్వరం, ప్రార్థన, బాప్తిస్మం, ఏదీ వదల్లేదు. నోటరీ వకీలు దాని మీద ముద్ర వేస్తూ బాగా రాశారన్నాడు. నాకు సంతోషమైంది కూడా.

కాగితాలు పరిశీలించే రోజు నేనూ వెంట వెళ్లాను. బల్ల వెనక కూచున్న అధికారి చెడ్డవాడు కాదు. నేను రాసింది రెండుసార్లు చదివాడు.

"బాగనే ఉందయ్యా. ఒక్కడివే అని నమ్ముతున్న. కానీ బాప్తిస్మం అని రాసుకున్నవ్. ఇది ఫైల్ల పెడితే నీ కులం సర్టిఫికెట్ మీద ఎంక్వైరీకి పంపాలె. నీ ఒక్కనిదే కాదు, ఇంట్ల అందరిది చూస్తరు. ఇంట్ల ఎవరున్నరు?"

"చెల్లె ఉంది సార్. పుష్ప. పాలమూరుల నర్సింగు. ఆఖరి సంవత్సరం."

"ఏ కోటాల సీటొచ్చింది?"

కురుమయ్య చూపు బల్ల మీది తన కులం సర్టిఫికెట్ మీదికి పోయింది. అధికారికి అది చాలింది. నేను రాసిన కాగితాన్ని బల్ల మీద సగం దూరం జరిపి అక్కడే ఉంచాడు. తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. నేను కష్టపడి రాసిన దస్తూరీ నాకే తలకిందులుగా కనిపించింది.

"మరి గీ ఫుట్‌బాల్ సర్టిఫికెట్ ఎవరిది? బెంజమిన్ అంటే ఎవరు?" అన్నాడు అధికారి.

కురుమయ్య కుడిచెయ్యి లేచింది. బంతి ఆపే అలవాటు. ఒక్క క్షణం గాలిలో ఆగింది, తర్వాత కిందికి దిగి నేను రాసిన కాగితాన్ని, ఫుట్‌బాల్ సర్టిఫికెట్‌ను కలిపి తీసుకుంది.

"మా వాడకట్టోడే సార్. వానిది తప్పి నా కవర్ల వచ్చింది."

అధికారి తల ఊపి తరువాతివాళ్లను పిలిచాడు.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూచున్నాం. నాది తప్పని చెప్పబోతే, "మీరేం జేస్తరు సార్, ఉన్నదే రాసిండ్రు" అని కిటికీ వైపు తిరిగాడు. ఉన్నది ఉన్నట్టు రాయడమే గొప్పని ఇన్నేళ్లు అనుకున్నాను. ఎక్కడ ఆపాలో మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇంటి ముందు హనుమమ్మ కందులు చెరుగుతోంది. చేట ఆపకుండానే అడిగింది.

"ఏమన్నర్రా?"

"ఇంకొకని సర్టిఫికెట్ పట్టుకొచ్చినవ్ అన్నరమ్మా."

"ఎవ్వనిదంట?"

"బెంజమిన్‌దంట."

చేట ఆగింది. కొడుకు మొహం వైపు, మోకాలి వైపు, కవరు వైపు చూసింది. లోపల గోడకు ఉన్న పుష్ప ఫొటో వైపు కూడా చూసిందేమో, నేను సరిగా గమనించలేదు. తర్వాత మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

"గా పోరడు బాగ ఆడేటోడు," అంది.