చీటీలో ఒక మాట

రాహేలు తెల్లవారుతూనే మాదన్నపేట రోడ్లు ఊడుస్తుంది. వేళ్ల సందుల్లో దుమ్ము ఉండగానే అర్జీ కాగితం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోయిన తోటి కార్మికుడు మల్లన్న తాగి పడ్డాడని కాంట్రాక్టరు అన్నాడు. బస్తీ అదే నమ్మింది. ఆ చావు మీద విచారణ జరపాలన్న అర్జీ మీద సంతకం అడిగితే "మాకెందుకక్కా గీ లొల్లి?" అనేవాళ్లే. ఆదివారం పూజలో చనిపోయినవాళ్ల కోసం చదివే చీటీ మీద చర్చి ఫాదర్ అలవాటుగా 'ప్రభువునందు నిద్రించిన మల్లన్న' అని రాశారు.

"నిద్రపోలే ఫాదర్, దింపి సంపిన్రు," అంది రాహేలు.

ఫాదర్ ఆ మాట కొట్టేసి మళ్లీ రాశారు. పూజలో దాన్నే చదివారు: "మురుగులోకి దింపితే చనిపోయిన మల్లన్న కొరకు..."

"ప్రభువా, మా మొర ఆలకించుము," అంది గుడంతా. తొమ్మిది రోజులుగా తలెత్తని మల్లన్న భార్య బేబీ, వెనక బల్ల మీద, మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.