అమ్మ సాక్ష్యానికి నా తర్జుమా

తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఏడాదికోసారి ఆ పాఠం వస్తుంది, ఒకరి చేత ఒక పని జరిపించడాన్ని గురించి. మేక్, గెట్, హ్యావ్, లెట్. తెలుగులో మనకి ఈ బాధ లేదు. తినిపించాను, పంపించాను, చదివించాను అంటే సరిపోతుంది. బలవంతంగానా, బతిమాలా అన్నది చెప్పేవాళ్ళ గొంతే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో అలా కుదరదు, నోరు తెరవకముందే తేల్చుకోవాలి. బలవంతమైతే మేక్. నచ్చజెప్పి ఒప్పిస్తే గెట్. పని పురమాయిస్తే హ్యావ్. అడ్డు చెప్పకపోతే లెట్. పిల్లలు ఉదాహరణ అడిగితే నా దగ్గర ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది: మా అమ్మ నన్ను హాస్టలుకి పంపించింది. అక్కడ మేక్ తప్ప ఇంకేదీ పనికిరాదని వాళ్ళకి గట్టిగా చెప్పేదాన్ని.

మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేది. నాకు ఎనిమిదేళ్ళు వచ్చాక ఏలూరులో ఆడపిల్లల హాస్టల్లో చేర్చింది. గేటు దగ్గర ఆమె చీరకొంగు పట్టుకుని వదల్లేదు నేను. ఒక్కొక్క వేలూ విడదీసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. పెద్దయ్యాక ఈ సంగతి స్టాఫ్ రూములో నవ్వుతూ చెప్పేదాన్ని, అందరూ నవ్వేవారు. నాకు మాత్రం కోపం పోలేదు. అసలే మొండిదాన్ని. అమ్మ నన్ను వదిలించుకుందా అన్న ప్రశ్న ఒక్కసారి కూడా ఆమెని అడగలేదు, ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

పోయిన చలికాలంలో మా ఊరి చర్చికి విదేశం నుంచి అతిథులు వస్తున్నారని పాస్టరుగారు ఫోన్ చేశారు. "మీ అమ్మగారు సాక్ష్యం చెబుతారండి. తర్జుమా మీరే చెయ్యాలండి," అన్నారు. సాక్ష్యమంటే దేవుడు తన బతుకులో చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం. మా దగ్గర తర్జుమాకి ఒక పద్ధతి ఉంది. చెప్పేవాళ్ళ పక్కనే నిలబడి, ఒక్కో మాటా వాళ్ళ నోటితోనే అన్నట్టు చెప్పాలి. 'ఆమె ఇలా అంటోంది' అనకూడదు. వాళ్ళు 'నేను' అంటే మనమూ 'నేను' అనాలి, వాళ్ళు చెయ్యెత్తితే మనమూ ఎత్తాలి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి సరేనన్నాను.

శనివారం పొద్దున్నే ఏలూరులో ఊరి బస్సెక్కాను. కిటికీ పక్కన కునుకు పట్టింది. మెలకువ వచ్చినప్పుడల్లా నీళ్ళే. ఆ నీళ్ళ మీద పలచని మంచు, మంచులో గట్టు ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. తెల్లటి పెద్ద పక్షులు ఎగురుతున్నాయో, నిలబడి ఉన్నాయో కూడా తెలియలేదు. ఊరు వచ్చేసరికి నా వయసెంతో నాకే సరిగ్గా గుర్తులేనట్టు ఉంది.

ఆ సాయంత్రం అమ్మ తను చెప్పబోయేది నాకు వినిపించింది. నాలుగు మాటలే. దేవుడు తోడున్నాడు, కష్టపడ్డాను, పిల్లని హాస్టల్లో ఉంచి చదివించాను, ఇప్పుడు పిల్ల టీచరమ్మ. "సదివించాను అన్నదాన్ని ఇంగిలీషులో ఏమంటారే?" అని అడిగింది. మేక్ పెట్టి చెప్పాను. కావాలనే పెట్టాను. రేపు ఊరందరి ముందు, ఆమె పక్కనే నిలబడి, ఆమె నన్ను బలవంతాన చదివించిందని నా నోటితో చెప్పబోతున్నందుకు లోలోపల సంతోషంగా ఉంది. ఆమెకి అర్థం కాదని తెలిసే చేశాను, అందుకు సిగ్గుగానూ ఉంది. "బాగుందే," అంది అమ్మ.

ఆదివారం చర్చి నిండిపోయింది. అతిథులు ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్నారు. అమ్మ చెబుతోంది, నేను ఇంగ్లీషులో చెబుతున్నాను. చదివించాను అంది, మేక్ అన్నాను. అతిథులు తలలూపారు. అక్కడితో అయిపోవాలి. అమ్మ ఆగలేదు.

"ఆ రోజు బస్సెక్కానండి. సగం దారిలో దిగిపోయానండి," అంది.

ఇది ముందు అనుకున్నది కాదు. అయినా చెప్పాను. నేను బస్సెక్కాను, నేను సగం దారిలో దిగిపోయాను.

"పిల్లని తెచ్చేసుకుందారని ఎనక్కి నడిసొచ్చానండి."

నేను నా కూతుర్ని తెచ్చేసుకోవడానికి వెనక్కి నడిచాను అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కిటికీల్లోంచి ఎండ పడుతోంది, ఎదురుగా ఉన్న మొహాలన్నీ ఆ వెలుగులో చెదిరిపోయినట్టున్నాయి.

"గేటులోంచి చూశానండి. పిల్లలందరూ కంచాలట్టుకుని వరసలో నిలబడ్డారు. నా పిల్ల పక్కపిల్లతో ఏదో చెప్పుకుని నవ్వుతుందండి. పిలవమంటారా అమ్మా అని వాచ్‌మన్ అడిగాడు. పిలిత్తే పరిగెత్తుకొచ్చేత్తదండి. నేను తీసుకెళ్ళిపోతానండి. ఇంక సదువెక్కడిది. అందుకని పిలవలేదండి."

అమ్మ ఆగింది. నా వంతు వచ్చింది. నాకు ఆ నవ్వు గుర్తులేదు. గేటు, కొంగు, వేళ్ళు అన్నీ ఉన్నాయి గానీ, అదే రోజు కంచం పట్టుకుని నవ్వానని నాకెవరూ చెప్పలేదు. అతిథులు నా వైపే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చేస్తోంది.

నేను మాట మరిచిపోయాననుకుంది అమ్మ. "చెప్పమ్మా. ఆళ్ళు ఎదురుచూత్తన్నారు," అంది మెల్లగా.

చెప్పాను. నా కూతురు నవ్వుతోంది, నేను పిలవలేదు అన్నాను. ఆ మాటలు అంటున్నంతసేపూ గేటు బయట నిలబడి ఉన్నది నేనే. లోపల ఎనిమిదేళ్ళ పిల్ల వరసలో ముందుకి జరుగుతోంది. దాన్ని పిలవాలని నాకు ఎంతగానో అనిపించింది.