గంగవరంలో రైట్ చెప్పని కండక్టరు

మునెప్పకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట, అదీ నాలుక అరిగేదాకా వాడేశాడు. అంగళ్ల బడిలో లెక్క సరిపోతే అయ్యవారు పలక మీద గీసింది రైటు. గట్టు తగువుల్లో పెద్దమనుషులు అడిగింది కూడా, ఈ నేల మీద నీకేం రైటుందని. కండక్టరు ఉద్యోగం వచ్చాక ఆ రైట్లన్నీ ఎటో పోయి, బస్సు కదిలే రైట్ ఒక్కటే మిగిలింది. మదనపల్లెలో ఒకటి, పుంగనూరులో ఒకటి, కుప్పం చేరేదాకా జనం చెయ్యెత్తిన ప్రతి చోటా ఒకటి. అది చెవిన పడితే చాలు, డ్రైవరు నారాయణప్ప కాలు దానంతటదే క్లచ్చు వదిలేది.

ఆ మాటనే ఇంటికీ మోసుకొచ్చాడు. ఉప్పు అయిపోయిందని పెళ్లాం ఆదెమ్మ చెబితే రైట్. ఒళ్లు కాలుతోందంటే రైట్. కూర్చొని నాలుగు మాటలు మాట్లాడరాదా అంటే దానికీ రైటే.

"గోడతో కాపరం చేసినా మేలే. అదైతే ఊరికే ఉంటాది" అందామె ఒక పొద్దు. ఆ వారమే పుట్టింటికి బయలుదేరింది. ఎక్కింది మొగుడి బస్సే. పొద్దున పూట గంగవరానికి అది తప్ప ఇంకోటి లేదు మరి.

డెబ్బై తొమ్మిది, మంచి ఎండాకాలం. ట్రంకుపెట్టెతో దిగిన ఆదెమ్మ ఏదో చెప్పడానికి వెనక్కి తిరిగింది. బస్సు అప్పటికే లేటు. మునెప్ప నోట్లోంచి రైట్ జారిపోయింది. లేచిన దుమ్ములో, ఆమె తెరిచిన నోరు తెరిచినట్టే కనబడింది.

ఏం చెప్పబోయిందో! ఆ దిగులు మునెప్పను తినేసింది. వాళ్లింటికి పోయి అడగొచ్చు. మగతనం అడ్డమొచ్చింది. పిరికితనానికి మగవాళ్లు పెట్టుకున్న పేరది. అందుకని గంగవరంలో రైట్ చెప్పడం మానేశాడు. బస్సు ఆగగానే రోడ్డు మీదికి కనిపించే ఆ ఇంటి వాకిలినే చూసేవాడు. నారాయణప్ప ఏమీ అడక్కుండా దిగి, నిండుగా ఉన్న రేడియేటరులోనే నీళ్లు పోసి, కాసేపటికి తానే బండి తీసేవాడు. ఈ బస్సుకు గంగవరమొస్తే దాహమెక్కువప్పా అని జనం నవ్వుకొనేవాళ్లు.

వానలు పడ్డాక ఒకరోజు, నెత్తిన కొంగు కప్పుకొని ఆదెమ్మే రోడ్డు దాకా వచ్చింది. మునెప్ప దిగాడు.

"ఆ పొద్దు ఏందో చెప్పబోతివే."

"ఇప్పుడెందుకులే."

"నాకు నిద్దర పట్టడంలే."

"కొత్త క్యారియరు కొని సీటు కింద పెట్టినా. సంగటి, నంజుకోను ఊరుబిండి. ఆరిపోకముందే తినమని చెప్పబోతిని. తింటివా?"

క్యారియరు ఆ రోజు కుప్పంలో మునెప్పకు కనబడింది. ఎవరో మరచిపోయారనుకొని, మూతైనా తీయకుండా బస్టాండు ఆఫీసులో అప్పజెప్పి, తాను బన్ను తిని టీ తాగాడు. అబద్ధం ఆడబుద్ధి కాక అదే చెప్పాడు.

ఆదెమ్మ నవ్వనూ లేదు, ఏడవనూ లేదు. "నీది నీకు తెలీలేదా" అంది.

బస్సులో జనం అరుస్తున్నారు, ఇంతసేపు ఆపడానికి నీకేం రైటుందని. మునెప్ప మెట్టు ఎక్కాడు గానీ రైట్ అనలేదు. నారాయణప్ప అద్దంలోంచి చూస్తున్నాడు. చివరికి ఆదెమ్మే దగ్గరికొచ్చి, దిగినవాళ్లు కొట్టినట్టే, రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. బస్సు కదిలింది.

కుప్పంలో దిగీ దిగగానే మునెప్ప ఆఫీసు కిటికీ దగ్గరికి పోయి, ఎండాకాలంలో ఇచ్చిన క్యారియరు ఉందా అని అడిగాడు. ఎవరిదని అడిగారు లోపల.

"నాదే" అన్నాడు.