ఇస్సాకు చావు కబురు

లాకుల ఇస్సాకు అంటే మా ఊళ్లో పిల్లలకే కాదు, పెద్దవాళ్లకి కూడా హడలే. కోడూరు వెళ్లే దారిలో కాలువ మీదున్న లాకులకి ఆయన లస్కరు. పైనుంచి ఆఫీసరు చెప్పినప్పుడు గేట్లు ఎత్తడం, దించడం ఆయన పని. గట్టు మీద ఎవరి పిల్లాడైనా కాస్త వంగి నీళ్లలోకి తొంగి చూశాడా, ఆయన అరుపు ఊరి చివరిదాకా వినపడేది. చర్చిలో కింది స్వరం పాడటానికి ఆ గొంతు తప్ప మాకు వేరే దిక్కు లేదు.

అందరూ ఆయన్ని కోపిష్ఠి అనేవాళ్లు. నాకు ఆయన వరసకి మావయ్య, నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే ఆయన ఉత్త పిరికివాడు. అంత పిరికి మనిషిని నేను మళ్లీ చూడలేదు. డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు ఆయన ఏడేళ్ల పిల్లాడు. తాటిచెట్టుని కరుచుకుని బతికాడు. తల్లీ చెల్లీ కొట్టుకుపోయారు. ఆ తరవాత నీళ్లలో కాలు పెట్టలేదు. మరి లాకుల మీద ఉద్యోగం ఎలా చేశాడంటే, గేటు చక్రం పైనుంచే తిప్పుతారు. కిందికి దిగాల్సిన పని పడితే ఇంకొకళ్లని పంపించి, పైగా వాళ్లనే తిట్టేవాడు.

కూతురు శాంతిని కూడా అలాగే పెంచాడు. సైకిలు తొక్కకూడదు, ఈత నేర్చుకోకూడదు, స్నేహితులతో హంసలదీవి బీచికి వెళ్లకూడదు. బందరు కాలేజీలో సీటొస్తే ఇంట్లో నెల్లాళ్లు యుద్ధం జరిగింది. ఆ పిల్ల అక్కడే పెడన కుర్రాడు దుర్గాశ్రీనివాస్‌ని ఇష్టపడింది. వాళ్లది కలంకారీ అద్దకాల ఇల్లు. పెళ్లి చేసుకుని కబురు పెట్టిన రోజున ఇస్సాకు ఇంటి గేటుకి తాళం వేశాడు. ఆ తరవాత ఇంట్లో ఆ పేరు ఎత్తడానికి లేదు. డిసెంబర్లో పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరిగే మాకు కూడా ఆ తాళం తియ్యలేదు. గేటు బయటే పాడి, మా దారిన మేం వచ్చేసేవాళ్లం.

పాస్టరు గారమ్మాయి యశస్విని ఈసారి క్రిస్మస్‌కి పాటల నాటకం వేయిద్దామంది. కథ పాతదే. మనసు మూసుకుని బతికే ఒక ముసలాయన దగ్గరికి పండగ ముందు ముగ్గురు దూతలు వస్తారు. ఒకరు గడిచిపోయిన రోజుల్ని, ఒకరు ఇప్పటి రోజుల్ని, చివరివాడు రాబోయే చావుని చూపిస్తారు. ముసలాయన మారిపోతాడు. యశస్విని దానికి కీబోర్డూ ప్యాడ్లూ పెట్టింది. మొదటి దూత వీడియో కాల్లో వస్తాడు, రెండో దూత ర్యాప్ పాడతాడు. ఆ రెండో దూతని నేనే. ముసలాయన పాత్రకి ఇస్సాకు మావయ్య గొంతే కావాలని పట్టుబట్టింది.

"ఆయనకి వేషం కట్టక్కర్లేదమ్మా, అలా నిలబెట్టెయ్యి చాలు," అంది ఆయన భార్య దయామణి అత్త.

పాటంటే ఆయనకి ప్రాణం. విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అల్పపీడనం పట్టి సన్నగా వాన పడుతోంది. చర్చిలో మూడో దూత సీను ప్రాక్టీసు చేస్తున్నాం. మావయ్య మొహానికి తెల్లగా పౌడరు దట్టించి, బెంచీ మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పారు.

"అమ్మాయ్, ఇదంతా అవసరమా?" అన్నాడు దుప్పటి లోంచి.

"కళ్లు మూసుకోండి అంకుల్, చచ్చిపోయినవాళ్లు మాట్లాడరు," అంది యశస్విని.

ఆ సీన్లో చావు కబురు చదవాల్సింది సంఘ పెద్ద శ్యాంబాబు గారు. మా ఊళ్లో ఎవరు పోయినా, చర్చి మీది మైకు హారన్లో ఆ కబురు చెప్పేది ఎప్పుడూ ఆయనే. అచ్చం నిజం కబురులాగే వినపడాలని యశస్విని అంది. మైకు చూసుకునే అరుణ్ ఆ మాట పట్టుకుని, లోపలి బాక్సులకి పెట్టాల్సిన వైరు తీసుకెళ్లి పైన హారన్‌కి పెట్టాడు. శ్యాంబాబు గారి కాగితం మీద 'ఒక ముసలాయన చనిపోయాడు' అని మాత్రమే ఉంది. పేరు లేకుండా, ఇంటి గుర్తు లేకుండా, భూస్థాపన ఎప్పుడో చెప్పకుండా చావు కబురు చెప్పడం ఆయనకి ఈ జన్మకి రాదు. గొంతు సవరించుకున్నాడు. ఇక అలవాటైన నోరు ఆగలేదు.

"సంఘ సభ్యులకు, గ్రామ ప్రజలకు తెలియజేయునది. లాకుల వద్ద కాపురముంటున్న మన సహోదరుడు ఇస్సాకు గారు ఈ మధ్యాహ్నం ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన రేపు ఉదయం ఆరాధన అనంతరం జరుగును."

ఆనవాయితీ ప్రకారం రెండోసారి కూడా చదివాడు.

దుప్పటి కింద ఇస్సాకు మావయ్య తన చావు కబురు నెత్తిమీంచి విన్నాడు. అది పొలాల మీదుగా వెళ్లడం కూడా విన్నాడు. ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు.

"అది బయటికెళ్లిందిరా," అన్నాడు. ఉత్తుత్తికి కూడా అలాంటి మాట హారన్లో రాకూడదని ఆయన భయం. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషాన నాకూ అదే అనిపించింది.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది చిలకమ్మ, లాకుల దగ్గర వాళ్ల పక్కింటామె. గుండెలు బాదుకుంటూ తలుపులోంచి వచ్చి, తెల్లటి మొహంతో కూర్చున్న మనిషిని చూసి కెవ్వుమని కూలబడింది. సంగతి చెప్పి మంచినీళ్లు తాగించాం. అప్పుడు ఇంకా గట్టిగా ఏడ్చింది.

"శాంతికి ఫోన్ చేసేశానన్నయ్యా! నాన్న పోయాడే తల్లీ అని చెప్పేశాను. నా మాట పూర్తి కాకముందే పెట్టేసింది."

"శాంతి నంబరు నీకెక్కడిది?" అన్నాడు మావయ్య.

ఆ నంబరు మా అందరి దగ్గరా ఉంది. ప్రాక్టీసు చూడ్డానికి వచ్చిన దయామణి అత్త అప్పటికే కూతురికి ఫోన్ కలుపుతోంది. ఎత్తలేదు. అల్లుడికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. గంటన్నరసేపు ఇద్దరికీ మార్చి మార్చి చేస్తూనే ఉంది; ఆ గాభరాలో వేషాల సంగతే ఎవరికీ గుర్తులేదు. చివరికి పెడనలో శాంతి అత్తగారు సాయిదుర్గ ఎత్తింది. అత్త ఫోన్ స్పీకర్లో పెట్టింది.

"కారు మాట్లాడదాం ఆగవే అంటే వింటేనా వదినగారూ! మావాడి బండెక్కి వెళ్లిపోయింది. ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. ఈ వానలో ఎలా వెళ్తుందో ఏంటో, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"ఏడో నెలేంటి?" అన్నాడు మావయ్య.

ఆ సంగతి కూడా మా అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. ఆయన మా మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

లాకుల దగ్గర మలుపులో గట్టు కోసుకుపోయి, రోడ్డు సగమే మిగిలింది. మొన్న వానాకాలంలో ఒక ఆటో అక్కడే కాలువలోకి జారింది. చీకటి పడే వేళకి, ఏడుస్తూ, ఆ మలుపు తిరగాలి వాళ్లు. మావయ్య వెళ్లి మోపెడ్ తీశాడు. నేను వెనక ఎక్కాను. దారి పొడుగునా బందరు దాటుంటారా, మోపిదేవి వచ్చుంటారా అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. నాకేం తెలుసు?

మలుపులో నడిరోడ్డు మీద నిలబడి కండువా ఊపుదామని ఆయన ఆలోచన. బండి ఆపాక అద్దంలో తన మొహం చూసుకున్నాడు.

"ఒరే, నన్నిలా చూస్తే అది బండి మీంచి పడిపోద్దిరా," అన్నాడు.

చచ్చిపోయాడని విన్న తండ్రి, మునిమాపు వేళ, వానలో, తెల్ల మొహంతో గట్టు మీద నిలబడి ఉంటే ఎవరు మాత్రం పడరు? పోనీ నన్ను నిలబడమందామా అంటే, నేను దూత వేషంలో, తెల్ల గౌనుతో, తలకి తళుకు రిబ్బనుతో ఉన్నాను. మా ఇద్దరిలో ఎవరిని చూసినా ఆ పిల్ల కాలువలో పడటం ఖాయం. ఆయన మొహం కడుక్కోవడానికి కాలువ మెట్లు రెండు దిగి, నీళ్లు చూసి, వెనక్కి వచ్చేశాడు. కండువాతో తుడుచుకుంటే పౌడరు తడిసి పిండిలా అతుక్కుని, మొహం ఇంకా ఘోరంగా తయారైంది. కండువా ఇటివ్వు, తడిపి తెస్తానని నేను చెయ్యి చాపేసరికే దూరంగా బండి లైటు కనపడింది.

మావయ్య నన్ను లాకుల గోడ వెనక్కి లాగేశాడు. లాగి, పాట ఎత్తుకున్నాడు.

ఎంతగా భయపడ్డాడంటే ఆయనకి ఇంకే పాటా గుర్తు రాలేదు. నాటకంలో ముసలాయన అందరినీ తరిమేస్తూ పాడే మొదటి పాటే వచ్చింది.

"తలుపు తీయను పొండి, దీపం పెట్టను పొండి, మీ పండగ నాకెందుకు, నా వాకిలి తొక్కకండి!"

ఆ గొంతుకి వానచప్పుడు అడ్డం కాలేదు. లైటు నెమ్మదించింది. మలుపుకి అవతలే ఆగింది.

"నాన్నా?" అంది శాంతి.

"నేనేనే! బతికే ఉన్నా. మెల్లగా దిగు. అటు దిగకు, అటు కాలువుంది!"

అప్పుడు బయటికొచ్చాడు. ఆ మొహం చూసి శాంతి మొగుడి భుజం గట్టిగా పట్టుకుంది గానీ, పడలేదు. హారన్ సంగతి, శ్యాంబాబు గారి సంగతి నేనే గుక్క తిప్పుకోకుండా చెప్పాను. శ్రీనివాస్ హమ్మయ్య అని బండి మీద వాలిపోయాడు. శాంతి నవ్వుతుందనుకున్నాను. దగ్గరికొచ్చి తండ్రి గుండెల మీద పిడికిలితో కొట్టింది.

"నువ్వు పోయావంటే నేనొచ్చాను నాన్నా. నేను పోయానని తెలిస్తే నువ్వొచ్చేవాడివా?"

"శాంతీ, ఇప్పుడెందుకవన్నీ," అన్నాడు శ్రీనివాస్. ఆమె అతనివైపు చూడలేదు.

వచ్చేవాణ్ణనే అంటాడనుకున్నాను. అలాంటప్పుడు ఎవరైనా ఆ మాటే అంటారు.

"రాలేకపోయేవాణ్ణేమోనే," అన్నాడు మావయ్య. "తలుపేసుకుని లోపలే ఉండిపోయేవాణ్ణేమో. నాకు భయమే. కాలేజీకి వద్దన్నదీ భయంతోనే, గేటుకి తాళమేసిందీ భయంతోనే. ఎప్పటికైనా నీకేదో అయిందని వినాల్సొస్తుందని... ముందే నువ్వు లేవనుకుంటే ఆ బాధుండదనుకున్నా."

ఆయన నోట భయం అనే మాట వినడం నాకదే మొదలు. శాంతి బండికి తగిలించిన కవరు తీసి ఆయన చేతికిచ్చింది.

"ఇంద. బందర్లో కొన్నాం, నీకే."

మావయ్య కవరు విప్పి చూశాడు. తెల్ల చామంతుల దండ, శవం మీద వేసేది. బాగా పెద్దది.

శాంతి మొగుడి చెయ్యి పట్టుకుని లాకుల ఇంటివైపు నడవడం మొదలుపెట్టింది. మావయ్య ఆ దండ పారెయ్యలేక, ఎక్కడ పెట్టాలో తెలియక, రెండు చేతులతో పట్టుకుని వాళ్ల వెనకాల నడిచాడు.