టిక్కుమన్న చోట ఆపాలి

మా ఆయన పడవ మోటార్ల మెకానిక్కు. పనిముట్ల విషయంలో మహా పట్టింపు. బోల్టు మీద కటింగ్ ప్లయర్ పెట్టినవాణ్ణి చూస్తే ఒంటికాలి మీద లేస్తాడు. చిన్న బోల్టులకైతే టార్క్ రెంచే వాడాలంటాడు. ఎంత బిగియాలో దాని మీద తిప్పి పెట్టుకుంటే, అంత బిగియగానే టిక్కుమంటుంది. అక్కడ ఆపెయ్యాలి.

అలాంటి మనిషి చేతిలో మా తమ్ముడి మోటారు బోల్టు పుటుక్కున తెగింది. కొత్తది వేశాడు. అదీ తెగింది. నాసిరకం సరుకు అంటగట్టాడని కొట్టువాణ్ణి నానా మాటలూ అని, ఇంకో కొట్లోంచి తెచ్చాడు. అదీ అంతే.

"బావా, మామూలు స్పానర్‌తో ఉజ్జాయింపుగా బిగించెయ్," అన్నాడు తమ్ముడు.

"సముద్రం మీదికి ఉజ్జాయింపుగా పోతావా?" అని ఆయన కస్సుమన్నాడు.

నాకు బుర్ర తిరిగిపోయింది. రెంచ్ సరైనదే, కొలతా సరైనదే, మనిషా పనిలో పండిపోయినవాడు. మరి తప్పెక్కడ? మోటారు పక్కనే గొంతుక్కూర్చుని కళ్ళప్పగించి చూశాను. రెంచ్ టిక్కుమంది. ఆయన ఆపలేదు.

"టిక్కుమందిగా, ఇంకా లాగుతావేం?"

"ఎక్కడంది? నీకేమైనా పిచ్చా?"

"అందయ్యా బాబూ!"

తమ్ముడు నెమ్మదిగా, "అంది బావా," అన్నాడు.

ముగ్గురం వెర్రిమొహాలేసుకుని చూసుకున్నాం. చెవుడంటే నేనెలా నమ్మను? మా మాటలన్నీ వినపడుతున్నాయి, రేవులో పడవల మోటార్ల రొద వినపడుతోంది. ఆయన ఓ పాత బోల్టు బెంచీ మీద బిగించి, ముఖం వంచి మళ్ళీ లాగాడు. టిక్కుమంది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఏళ్ళకేళ్ళు మోటార్ల హోరులో బతికిన చెవులకి పెద్ద చప్పుళ్ళన్నీ మిగిలాయి, ఈ చిన్నదొక్కటే పోయింది.

 ఇక మా రిపేరు షెడ్డు మూతేనా అనుకున్నాను. ఆయన ఆలోచన అది కాదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"నాకేం తెలుసు?"

"నాకూ తెలీదు. తెగినవి తెగాయి, సరే. తెగకుండా సాగి బలం పోయినవో? వాటితోనే సముద్రం మీదికి పోతున్నారు కదే పడవలవాళ్ళు!"

"నోరు మూసుకో. ఎవరూ ఏమీ అనలేదుగా. బయటపెట్టావంటే రేపట్నుంచి మన గడప తొక్కేవాడుండడు."

ఆ మాట వినపడిందో లేదో ఆ క్షణాన నాకర్థం కాలేదు. రెంచ్ నా చేతిలో పెట్టి, "వినేది నువ్వు, పద," అని రేవు వైపు పరుగందుకున్నాడు.

రేవులో ఓ పడవ అప్పుడే బయల్దేరుతోంది. ఆయన నీళ్ళలోకి దిగి దాని అంచు పట్టుకున్నాడు.

"ఆపండ్రా! ఆ మోటారు బిగించింది నేనే. నాకు చెవులు పోయాయి!"

పడవలో వాళ్ళకి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక నాకేసి చూశారు. కాదని ఒక్క మాటంటే మా షెడ్డు నిలుస్తుంది.

"నిజమే, దిగండి," అన్నాను.