ఉపదేశి తాత చిల్లు సంచి

మా వాడల సకల జనులకు తెలియజేయునది ఏమనగా: ఇగ మీదట ఎవల కోడి ఎవల దడి దుంకినా, ఎవల మేక ఎవల చిక్కుడు తీగ మేసినా, తిట్లు మీకు మీరే తిట్టుకొని మీకు మీరే సల్లబడవలె. నడుమ వచ్చి కూసునే మనిషి లేడు. మా సిలువ గుడిల ప్రార్థన చెప్పే ఉపదేశి తాత ఆదివారం పొద్దుగూకంగ పోయిండు.

ఆయన మీద నాకు ఎప్పటికీ అనుమానమే. ఒక్కల మీద చాడీ చెప్పని మనిషిని మీరు నమ్ముతరా? మోత్కూర్ అంగడికి పోతుంటే తొవ్వంట ఎంత గెలికినా, "వాని ఇంట్ల పొయ్యి అంటిందో లేదో మనకెరుకనా బిడ్డా" అనేటోడు. గంతే.

ఒక్క పునీతుని కథనే తిప్పి తిప్పి చెప్పేది. ఎడారిల దొంగతనాలు చేసి, మారి సన్యాసి అయినాయన. తప్పు చేసిన తోటి సన్యాసికి తీర్పు చెప్ప రమ్మంటే, కారే కుండ ఎత్తుకొని పోయిండట. నా తప్పులు నా ఎనుక గిట్లనే కారుతున్నయి, నాకే కానొస్తలేవు అన్నడట. దొంగకు దొంగ సాక్ష్యమని నేను నవ్విన.

ఒక కరువేడు గుడి కుండల బియ్యం తగ్గుతున్నయని తేలింది. పొయ్యి అంటనోళ్లకని ప్రతి ఇంట్ల వండేముందు పిడికెడు తీసి పోసే బియ్యం అవి. గుడి ఊడిసే ఆమెకు మొగడు లేడు, ఇద్దరు పిల్లలు. అనుమానం తొవ్వ అడగకుంటనే ఆమె ఇంటికి పోయింది. పెద్దమనుషులు ఆమెను గుడి ముంగట మట్టిల కూసోబెట్టి, వాడ నుంచి ఎల్లగొడ్దామన్నరు. తీర్పు చెప్పుమని తాతను పిలిసిండ్రు.

తాత వచ్చిండు. భుజం మీద బియ్యం సంచి, దానికి చిల్లు. తొవ్వ పొడుగూత గింజలు, గింజల ఎంట పిచ్చుకలు.

"తాతా, సంచి కారుతాంది," అన్న.

"నా ఎనుకది నాకేం కానొస్తది బిడ్డా," అని ఆమె పక్కన మట్టిల కూసున్నడు. "ఇగ అడుగుండ్రి. అడిగేది ఇద్దరినీ అడుగుండ్రి."

పెద్దమనుషులు ఒక్కొక్కలు తువ్వాల దులుపుకొని లేసిండ్రు. వారం తిరగకముందే కుండ అంచుదాక నిండింది. కరువుల ఎవలు పోసిండ్రు? నాకు అందరి మీద అనుమానమే, నా ఇంటిదాని మీద గూడ. ఆ వారం నా పళ్లెంల బువ్వ తక్కువ పడ్డది.

ఇగ ఒక మాట. సంచి, చిల్లు, పిచ్చుకలు నేను కల్పించినయే. పునీతుని కుండను సంచి చేసి తాత భుజాన పెట్టిన. తాత ఉత్తచేతులతోనే వచ్చిండు. వచ్చి ఆమె పక్కన కూసున్నడు, గది నిజం. నిన్న తాతను మట్టి చేసి అందరం లేసొచ్చినం. తిరిగి చూస్తే, ఆమె ఆయన పక్కన మట్టిల కూసోనే ఉన్నది.