సూడు అంటే చూడటం కాదు

మా మేనత్తను చర్చిలో మాట్లాడమన్నారని తెలిసిన రోజు ఆమె కంటే నాకే ఎక్కువ కంగారు పట్టుకుంది. కోడుమూరు దగ్గర మా ఊరి చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ ఏడుగురూ మగవాళ్ళే. ఆడవాళ్ళు పాటలు పాడాలి, అయిపోయాక చాపలు చుట్టాలి. ఈసారి ఐదో మాట, 'దప్పిగొనుచున్నాను' అన్న దప్పిక మాట, మా అత్తకిచ్చారు. దప్పిక గురించి మా సీమలో ఎవరైనా మాట్లాడగలరు. అయినా అడిగింది మా అత్తను.

ఆ మాట వినాల్సిన మనిషి మాత్రం ఊళ్ళో లేడు. మా మామ సగం ఊరితో కలిసి మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయాడు. "చేతులు కోస్తాంటాయి, చెవులు ఖాళీనే గదా. ఫోన్లో పెట్టి అందరికీ వినిపిస్తా" అని అత్తకు మాటిచ్చాడు. ఆయన వింటేనే తాను మాట్లాడినట్టని అత్త లెక్క.

ఫోన్లో వినిపించే ఏర్పాటు నాది. నేను కడపలో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. మొదట్లో మా ఆరాధనను ఎవరిదో ఉచిత వెబ్‌సైటులో పెట్టేవాళ్ళం. ఒక ఆదివారం పాస్టరుగారు "కళ్ళు మూసుకుందాం" అన్న మరుక్షణం ప్రకటనలోంచి ఒక ఆడగొంతు రమ్మీ ఆడమని పిలిచింది. మామ చేలోంచే ఫోన్ చేశాడు.

"ఏమ్మే, అయ్యగారు పేకాట ఆడమంటాండాడా?"

ఊరికే ఇచ్చిన ఇంట్లోకి ఎవరైనా దూరతారని అప్పుడు తెలిసొచ్చింది. కాలేజీలో మూలన పడేసిన పాత కంప్యూటరును అడిగి తెచ్చి, చర్చి గోడకు ఆనుకుని ఉన్న అత్త ఇంట్లో, కొర్రల బస్తా పక్కన పెట్టి సర్వరుగా మార్చాను. మా కంప్యూటరు, మా వెబ్‌సైటు, మధ్యలో రమ్మీ లేదు. దాన్ని కడప నుంచే నడుపుకోవచ్చు కూడా.

సొంతిల్లు కట్టుకున్నాక దొంగల భయం మొదలవుతుంది. ఎవరెవరు తన తలుపు కొట్టిందీ సర్వరు రాసి పెడుతుంది. అది చూసి నాకు కళ్ళు తిరిగాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తోచిన పాస్‌వర్డల్లా వేసి చూస్తున్నారు. ఆ సంగతి అత్తకు చెప్పాను.

"యా ఊరోళ్ళు?"

"ఊరు కాదత్తా, దేశం గాని దేశాలు."

"అంత దూరం నుంచి వచ్చి మన తలుపు కొడ్తాండారంటే పాపం ఏం అక్కరో ఏమో. అడిగినావా?"

వాళ్ళు మనుషులు కారు, మనుషులు వదిలిన ప్రోగ్రాములని నచ్చజెప్పబోయాను. "అయితే మాత్రం ఏం ఎత్తకపోతాయి? పాటలే గదా. పాడుకోనీ" అంది. సిలువ బొమ్మ తీసేసి ఆ చోట పాడు బొమ్మలు పెడతాయన్నాకే ఆమె గొంతు మారింది.

"అట్లయితే బిగించు మే. గట్టిగా బిగించు."

బిగించాను. సరిగ్గా గుడ్ ఫ్రైడే పొద్దున బిగించాను. ఫైర్‌వాల్ అంటే సర్వరు చుట్టూ కాపలా గోడ. ముందు మనకు కావలసిన తలుపులు తెరిచి ఉంచమని చెప్పి, ఆ తర్వాతే మిగతావి మూయమనాలి. ఏటా పిల్లలకు ఈ పాఠం చెప్పేది నేనే. ఆ పొద్దు మాత్రం తొందరలో ముందు అన్నీ మూయమన్నాను. వినేవాళ్ళ తలుపు, నేను కడప నుంచి లోపలికి పోయే తలుపు, ఏదీ మిగల్చకుండా అది చక్కగా మూసేసింది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది నా పని. బస్సెక్కినా నేను చేరేసరికి ఏడో మాట కూడా అయిపోతుంది. ఇక దిక్కు అత్తే.

ఫోన్ చేస్తే అత్త తెల్లచీర కట్టుకుని అద్దం ముందు తన మాట చెప్పుకుంటోంది.

"అత్తా, ఆ కంప్యూటరు ముందర కూర్చొని నేను చెప్పినట్ల కొట్టు."

"కొడితే పాడైపోదా?"

"ఏళ్ళతో కొట్టత్తా. అక్షరాలు."

మొదట అది పాస్‌వర్డు అడుగుతుంది. అక్కడే ఇరుక్కుపోయాను. కొర్రల బస్తా జరిపినందుకు అత్త నన్ను కడిగేసిన రోజున ఆ పాస్‌వర్డు పెట్టాను. 'అత్త గయ్యాళి' అని, ఇంగ్లీషు అక్షరాల్లో. అత్త చదివింది ఏడో తరగతే గానీ వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడంలో దిట్ట. తెర మీద కనపడదు కదా, గమనించదులే అని ఒక్కో అక్షరం చెప్పాను. ఆమె ఒక్కోటీ వీధి చివరి దాకా వినపడేట్టు అరుస్తూ కొట్టింది.

"ఏమీ పడ్లేదే ఈడ!"

"పాస్‌వర్డు కనపడదత్తా. కొడ్తా పో."

మీటల చప్పుడు వినపడింది. తర్వాత "ఆఁ, లోపలికి పోయింది" అంది. గొంతులో ఏ తేడా లేదు. దేవుడున్నాడనుకున్నాను.

"ఇప్పుడు సూడు."

"సూస్తాండా."

"సూసేది కాదత్తా. సూడు!"

"సూడంటావు, సూసేది కాదంటావు! నల్లగా ఉండాది, ఒక తెల్ల గీత మిణుకుమిణుకుమంటాండాది. ఇంకేం సూడల్ల?"

సూడు అనేది ఆ కంప్యూటరుకిచ్చే ఆజ్ఞ. 'యజమానిగా చెబుతున్నాను, చెయ్యి' అని దానర్థం. దాని ఖర్మకొద్దీ మా ఊళ్ళో చూడమనడానికీ అదే మాట. ఇంత వివరించాక అత్త కొట్టింది. అలాంటి ఆజ్ఞ తెలియదంది కంప్యూటరు. ఏం కొట్టావో చదవమన్నాను.

"సీ, హెచ్చు, యూ, డీ, యూ. చూడు."

"చూడు కాదత్తా, ఎస్సుతో సూడు! చివర యూ కాదు, ఓ!"

"సదువుకున్నదానివి, నా మాదిరి సూడు అంటాండావేమని నేనే దిద్దినా."

దిద్దింది మళ్ళీ దిద్దించాను. తర్వాతి మూడక్షరాలు, ఆ కాపలా గోడ పేరు, సాఫీగా సాగాయి. ఇక తలుపు తెరవమనే ఇంగ్లీషు మాట, అలౌ.

"ఏ. ఎల్లు. ఎల్లు..."

"ఏందే, కోస్తావోళ్ళ మాదిరి ఎల్లు ఎల్లు అంటాండావు? పొమ్మంటే పోనా? అవతల చర్చి గంట కొడ్తాండారు నాకు!"

ఆ గంట నాకూ ఫోన్లో వినపడింది. ఏడుపొచ్చింది నాకు. మొదటిసారి ఆమె వంతుకు వచ్చిన మాటను నా చేతులారా గోడలో పెట్టి మూసేశాను. మిగిలిన అక్షరాలు ఎట్లాగో చెప్పి, చివరి మీట నొక్కమన్నాను.

"మళ్ళీ పాస్‌వర్డు అడుగుతాండాది."

"అదే, అత్తా."

"అదే అంటే? మళ్ళీ గయ్యాళేనా?"

నేను నాలుక కరుచుకున్నాను.

"కొడ్తాండాలే. నా చేత నన్నే రెండు తూర్లు తిట్టిస్తివి గదే!"

తలుపు తెరుచుకుంది. నేను కడప నుంచి లోపలికి పోయి, వినేవాళ్ళ తలుపు తీశాను. ఈసారి మొదట తీయాల్సినవి తీసి, తర్వాతే మిగతావి మూశాను. అత్త అప్పటికే చర్చికి పరుగెత్తింది.

ఐదో మాట వంతు వచ్చింది. అద్దం ముందు నేర్చుకున్నదంతా అత్త పక్కన పెట్టేసింది. "ఈ పొద్దు మా ఇంట్లో ఒక తలుపు మూసుకపోయింది. ఏసింది మా మేనకోడలే" అని మొదలుపెట్టింది. చర్చి నవ్వింది. "దప్పికైనోడు యాడున్నా అడుగుతానే ఉంటాడు. మనం తలుపేసుకొని, ఎవురూ అడగలేదే అంటాం" అంది. నవ్వు ఆగిపోయింది. కడపలో నా గదిలో కూర్చుని నేను కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం మామ ఫోన్ చేశాడు. మిరపచేలో బోర్లించిన బకెట్టు మీద ఫోన్ పెట్టి అందరూ విన్నారట. "మీ అత్త అంత నిమ్మళంగా మాట్లాడ్తాదని నాకిన్నేళ్ళూ తెలీదు మే" అన్నాడు.

ఆ తర్వాత అత్తకు ఫోన్ చేశాను. క్షమించమని, వీధంతా విన్న ఆ పాస్‌వర్డును వెంటనే మార్చేస్తానని చెప్పాను.

"మార్చొద్దు. నాకు నోటికొచ్చిండాది" అంది అత్త. "అయినా నన్ను గయ్యాళని యా దొంగకు తోస్తాదే?"